పోగు వెంట నడవని చట్టం

సిమెంటు రేకును కోసే పని పైకి చాలా మామూలుగా కనిపిస్తుంది. కప్పు కొలతకు మించి రేకు అంచు మిగిలితే మేస్త్రీ గ్రైండరు తీసుకుని సుద్దగీత వెంట లాగుతాడు. తెల్లటి దుమ్ము లేచి అతని చేతుల మీద, కనురెప్పల మీద, ముఖానికి చుట్టుకున్న తువ్వాలు మీద వాలుతుంది. ఆ తర్వాత బోల్టులు బిగించడానికి బెజ్జాలు వేస్తాడు. కింద నిలబడి రేకులు అందించే కూలీ తలమీదా అదే దుమ్ము. సాయంత్రం ఇద్దరూ బట్టలు దులుపుకుని ఇంటికి పోతారు. మర్నాడు ఆ బట్టలు ఉతికేది ఇంటి ఇల్లాలు. ఆ దుమ్ములో సిమెంటుతో పాటు రాతినార, అంటే ఆస్బెస్టాస్ ఉంటుంది. రేకు తయారైన ఫ్యాక్టరీలో ఆ దుమ్ముకు చట్టం ఒక కొలత పెట్టింది, ఒక ఇన్‌స్పెక్టరును పెట్టింది, ఒక రిజిస్టరు రాయమంది. రేకు గేటు దాటి లారీ ఎక్కగానే ఈ మూడూ వెనకే ఆగిపోతాయి. రాతినార నుంచి శ్రామికుణ్ణి కాపాడే చట్టాలు మన దేశంలో లేకపోలేదు. కానీ అవి కర్మాగారం గోడలను చూస్తాయి, లోపల ఎంతమంది పనిచేస్తున్నారో లెక్కపెడతాయి. ఆ దుమ్ములోని రాతినార పోగు ఎక్కడికి వెళుతోంది, ఎన్నేళ్ళకు మనిషిని పడగొడుతోంది అన్న లెక్క వాటికి లేదు. దూరంలోనూ కాలంలోనూ పోగు ఎంతవరకు పోతుందో అంతవరకు వెంట నడిచే చట్టమే శ్రామికుణ్ణి కాపాడగలదు. నూరేళ్ళ ప్రపంచానుభవం నేర్పిన పాఠం ఇదేనని, మన చట్టం ఇంకా ఆ పాఠం దగ్గరికి రాలేదని చూపడమే ఈ సమీక్ష ఉద్దేశం.

రాతినార అనేది ఆరు ఖనిజాలకు కలిపి పెట్టిన పేరు. తెల్లది క్రిసోటైల్, నీలిది క్రోసిడోలైట్, గోధుమ రంగుది ఆమోసైట్. ట్రెమోలైట్, ఆక్టినోలైట్, ఆంథోఫిల్లైట్ మిగతా మూడు. ఇప్పుడు వ్యాపారంలో మిగిలింది దాదాపుగా తెల్లదే. కాలదు, తుప్పు పట్టదు, సిమెంటును పట్టి ఉంచుతుంది, చవకగా దొరుకుతుంది. అందుకే ఇరవయ్యో శతాబ్దం దీన్ని నెత్తిన పెట్టుకుంది. అయితే ఈ రాయిని ఎంత నలిపినా పిండి కాదు, పొడుగునా చీలుతుంది. చీలినకొద్దీ కంటికి ఆనని సూదుల్లాంటి పోగులవుతుంది. ఆ సూదులు ఊపిరితో లోపలికి పోయి దిగబడితే ఊపిరితిత్తులు మెత్తదనం కోల్పోయి మచ్చలు కట్టి గట్టిపడతాయి. దాన్ని ఆస్బెస్టోసిస్ అంటారు. ఊపిరితిత్తుల క్యాన్సరు రావచ్చు. ఊపిరితిత్తులను కప్పే పొరకు మెసోథీలియోమా అనే క్యాన్సరు రావచ్చు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ స్వరపేటిక, అండాశయ క్యాన్సర్లకు కూడా ఇది కారణమని తేల్చి, ఆరు రకాల రాతినారనూ మనుషులకు క్యాన్సరు కలిగించేవాటిలో మొదటి తరగతిలో చేర్చింది. పని ప్రదేశాల్లో పీల్చిన రాతినార వల్ల ఏటా రెండు లక్షలకు పైగా జనం చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. యంత్రంలో పడి వేలు తెగితే ఏ రోజు, ఏ చోట, ఎవరి దగ్గర పనిచేస్తుండగా తెగిందో అందరికీ తెలుస్తుంది. పరిహారం చట్టాలన్నీ అటువంటి గాయాన్ని మనసులో పెట్టుకుని రాసినవే. రాతినార గాయం పీల్చిన 10 ఏళ్ళకో 40 ఏళ్ళకో బయటపడుతుంది. అప్పటికి యజమాని మారి ఉంటాడు, ఫ్యాక్టరీ మూతపడి ఉండవచ్చు, హాజరు పట్టీ చెదలు తిని ఉండవచ్చు. పైగా ఆ దుమ్ము ఒకే చోట పీల్చిందీ కాదు. అందుకే మామూలు కార్మిక చట్టం ఈ వ్యాధి ముందు తెల్లమొహం వేస్తుంది.

ఈ సంగతి మొదట బయటపడింది బ్రిటన్‌లో. రాచ్‌డేల్ పట్టణంలో రాతినార నూలు వడికిన నెల్లీ కెర్షా 1924లో చనిపోయింది. డాక్టర్ కుక్ ఆమె ఊపిరితిత్తులను పరీక్షించి, ఆ ఏడాదే వైద్య పత్రికలో రాశాడు. 1930లో మెరివెదర్, ప్రైస్ అనే ప్రభుత్వాధికారులు నివేదిక ఇచ్చారు. వారు పరీక్షించిన 363 మంది కార్మికుల్లో 95 మందికి జబ్బు ఉంది, పని చేసిన ఏళ్ళు పెరిగినకొద్దీ ఆ పాలూ పెరిగింది. మరుసటి ఏడాదే, 1931లో, బ్రిటన్ నిబంధనలు తెచ్చింది. గాలి గొట్టాలు పెట్టాలి, దుమ్ము లాగేయాలి, వైద్య పరీక్షలు చేయాలి అని అవి చెప్పాయి. వేగం చూస్తే ఆ చట్టం మెచ్చుకోదగ్గదే. అయితే అది రాతినార వస్తువులు తయారుచేసే ఫ్యాక్టరీల్లోని కొన్ని పనులనే పట్టించుకుంది. ఓడల్లో ఆవిరి గొట్టాలకు రాతినార చుట్టిన పనివాళ్ళు, ఇళ్ళలో పలకలు కోసిన వడ్రంగులు దాని కంట పడలేదు. 1955లో రిచర్డ్ డాల్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో సంబంధాన్ని తేల్చాడు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్, ఆయన సహచరులు గనుల చుట్టూ మెసోథీలియోమా రోగులు కనిపిస్తున్నారని రాశారు. వారిలో గనిలో పనిచేయని ఊరివాళ్ళు కూడా ఉన్నారు. 1964లో అమెరికాలో సెలికాఫ్ గొట్టాలకు రాతినార పూత వేసే పనివాళ్ళ మరణాల లెక్క తీశాడు. ఈ మూడు పరిశోధనలు కలిపి చదివితే వ్యాధి ఫ్యాక్టరీ నుంచి ఊరికి, తయారీ నుంచి వాడకానికి నడిచిన దారి కనిపిస్తుంది. బ్రిటన్ 1985లో నీలి, గోధుమ రకాలను, 1999లో తెల్లదాన్ని నిషేధించింది. అయినా ఇప్పటికీ అక్కడ ఏటా 2,000 మందికి పైగా మెసోథీలియోమాతో చనిపోతున్నారు. వారిలో వడ్రంగులు, ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1931 చట్టం గేటు దగ్గర ఆగిన ఫలితాన్ని ఆ దేశం దాదాపు నూరేళ్ళ తర్వాత కూడా అనుభవిస్తోంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1986లో చేసిన 162వ ఒడంబడిక ఈ పాఠాన్ని చాలావరకు ఒంటపట్టించుకుంది. రాతినార నుంచి రక్షణకు ప్రతి దేశమూ తన చట్టంలో ఏర్పాట్లు చేయాలని అది కోరుతుంది. వీలున్నచోట తక్కువ హాని చేసే పదార్థంతో మార్చాలి, అవసరమైతే నిషేధించాలి. నీలి రాతినార వాడకూడదు, గోడల మీద చిమ్మే పని చేయకూడదు. రాతినార ఉన్న కట్టడాలను కూల్చే పని అర్హత ఉన్నవారికే ఇవ్వాలి. పని బట్టలు యజమానే ఇవ్వాలి, వాటిని ఇంటికి తీసుకెళ్ళనివ్వకూడదు, యజమానే ఉతికించాలి. వైద్య పరీక్షకు కార్మికుడి దగ్గర పైసా తీసుకోకూడదు, వీలైనంతవరకు పనివేళల్లోనే చేయించాలి. ఒక చొక్కా ఎక్కడ ఉతకాలన్న దాకా దిగివచ్చిన ఈ ఒడంబడికను రాసినవారికి పోగు నడిచే దారి తెలుసు. భారతదేశం దీన్ని ఆమోదించలేదు. నియంత్రిత వాడకానికి ఈ ఒడంబడికే సమర్థన అని పరిశ్రమ వాదించేది. 2006లో కార్మిక సంస్థ తీర్మానం ఆ వాదనకు తెర దించింది. ఇకముందు రాతినార వాడకాన్ని ఆపేయడమే అత్యంత ఫలవంతమైన మార్గమని, వాడకం కొనసాగింపుకు ఈ ఒడంబడికను సాకుగా చూపరాదని తేల్చి చెప్పింది.

మన దేశానికి వస్తే, 1948 ఫ్యాక్టరీల చట్టం ఆస్బెస్టోసిస్‌ను తెలియజేయవలసిన జబ్బుల పట్టీలో పెట్టింది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో జరిగిన సవరణ ప్రమాదకర ప్రక్రియలకు ప్రత్యేక అధ్యాయం చేర్చింది. పరిహార చట్టం ఆస్బెస్టోసిస్‌ను, రాతినార వల్ల వచ్చే క్యాన్సర్లను వృత్తి వ్యాధులుగా గుర్తించింది. అన్నిటికన్నా పెద్ద మలుపు సుప్రీంకోర్టు తీర్పు. అహ్మదాబాదుకు చెందిన వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం 1986లో వేసిన వ్యాజ్యంలో 1995 జనవరి 27న ఆ తీర్పు వచ్చింది. దాన్ని రాసింది మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ కె. రామస్వామి. శ్రామికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని, ఉద్యోగంలో ఉన్నప్పుడే కాక విరమించిన తర్వాత కూడా ఆ హక్కు ఉంటుందని ఆ తీర్పు ప్రకటించింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు గాని, పని మానిన నాటి నుంచి 15 ఏళ్ళు గాని, ఏది తర్వాత ముగిస్తే అప్పటిదాకా భద్రపరచమంది. జబ్బు ఉందని అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ తేల్చినవారికి లక్ష రూపాయలు ఇమ్మంది. చిన్న పరిశ్రమలనూ చట్టం కిందికి తెచ్చే విషయం పరిశీలించమని ప్రభుత్వాలకు చెప్పింది. మన న్యాయశాస్త్రంలో వ్యాధి గడువును గుర్తించి చట్టానికి అంత పొడుగు జ్ఞాపకశక్తి ఇచ్చిన తీర్పు మరొకటి అరుదు. అయితే 2011లో కళ్యాణేశ్వరి కేసులో నిషేధం అడిగినప్పుడు, అది చట్టసభ పని అని సుప్రీంకోర్టు తప్పుకుంది. 1995 ఆదేశాలను అమలు చేయండని మాత్రం మళ్ళీ చెప్పింది. పదహారేళ్ళ తర్వాత అవే ఆదేశాలను గుర్తుచేయవలసి రావడమే వాటి అమలు ఎలా ఉందో చెబుతుంది.

ఇప్పుడు ఫ్యాక్టరీల చట్టం పోయి, 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ వచ్చింది. మిగతా మూడు కార్మిక కోడ్‌లతో పాటు 2025 నవంబరు 21 నుంచి అది అమల్లో ఉంది. పదమూడు చట్టాలను ఒక్కటి చేయడం వల్ల కొంత స్పష్టత వచ్చిన మాట నిజమే. అయితే కరెంటుతో నడిచే కార్ఖానాను ఫ్యాక్టరీగా లెక్కించడానికి ఇదివరకు 10 మంది పనివాళ్ళు ఉంటే చాలు, ఇప్పుడు 20 మంది ఉండాలి. కరెంటు లేనిచోట 20 కాస్తా 40 అయింది. ఊపిరితిత్తులకు ఈ లెక్కలు తెలియవు. పక్కన పందొమ్మిదిమంది ఉన్నా, ఒక్కడే ఉన్నా పోగు పోగే. కోడ్‌లో ఒక వెసులుబాటు మాత్రం ఉంది. ప్రాణాపాయమైన పనిగా కేంద్రం నోటిఫై చేస్తే, పనివాళ్ళ సంఖ్యతో నిమిత్తం లేకుండా చట్టం వర్తిస్తుంది. రాతినార రేకును కోయడం, బెజ్జం వేయడం, విప్పడం, కూల్చడం ఆ జాబితాలో చేరితే అడ్డా మీద నిలబడే కూలీ దాకా చట్టం వెళ్ళడానికి తలుపు తెరుచుకుంటుంది. కొత్త చట్టం కోసం ఎదురుచూడకుండా ఇవాళే చేయగల పని అది.

ఇక చట్టం ఒప్పుకున్న కొలత సంగతి. తెల్ల రాతినారకు మన దేశంలో హద్దు ఒక ఘన సెంటీమీటరు గాలికి 1 పోగు. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కాస్త లెక్క వేసి చూడాలి. ఓ మాదిరి శ్రమ చేసే మనిషి ఎనిమిది గంటల్లో సుమారు 10 ఘన మీటర్ల గాలి పీలుస్తాడు. ఒక ఘన మీటరులో 10 లక్షల ఘన సెంటీమీటర్లు. అంటే చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించే ఫ్యాక్టరీలో కూడా, గాలి హద్దు దగ్గరే ఉంటే, ఒక్క షిఫ్టులో మనిషి ముక్కులోకి పోయేవి కోటి పోగులు. అదీ లెక్కకు వచ్చేవి మాత్రమే. వడపోత కాగితం మీద పట్టిన దుమ్మును మైక్రోస్కోపు కింద పెట్టి, 5 మైక్రాన్ల కన్నా పొడుగున్న పోగులనే లెక్కిస్తారు. అంతకన్నా పొట్టివి లెక్కలో ఉండవు, మామూలు మైక్రోస్కోపుకు ఆనని సన్ననివీ ఉండవు. అమెరికా 1994 నుంచి ఈ హద్దును మనకన్నా పదింతలు తక్కువగా, 0.1 దగ్గర పెట్టింది. యూరోపియన్ యూనియన్ 2023లో 0.01కు దించింది. అది మన హద్దులో నూరో వంతు. 1995 తీర్పు అంతర్జాతీయ ప్రమాణాలకు తగ్గట్టు హద్దును సమీక్షించమని ప్రభుత్వాలకు చెప్పిందన్నది ఇక్కడ మరచిపోరాదు. ఎంత తగ్గిస్తే భయం లేదు అన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం దగ్గర జవాబు లేదు, క్యాన్సరు రాదని హామీ ఇచ్చే హద్దు ఏదీ కనబడలేదు. కాబట్టి హద్దు తగ్గించడం అవసరమే అయినా చాలదు. ఫ్యాక్టరీలో గాలిని కొలవడానికి యంత్రమైనా ఉంటుంది. కప్పు మీద గ్రైండరు పట్టిన మేస్త్రీ ముక్కు దగ్గర కొలిచేదెవరు?

మన ప్రభుత్వ విధానంలోనే ఒక పెద్ద పొంతనలేనితనం ఉంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె చుట్టుపక్కల, సున్నపురాయి పొరలకు నల్లరాయి తగిలిన చోట తెల్ల రాతినార దొరికేది. దేశంలో ఇది తవ్విన కొద్ది చోట్లలో అది ఒకటి. ఆరోగ్య కారణాల మీద 1986లో ప్రభుత్వం కొత్త లీజులు ఆపింది. 1993లో పాతవాటిని పొడిగించడమూ ఆపింది. తవ్వే కూలీ ఊపిరితిత్తులకు ఇది హాని అని ప్రభుత్వమే ఒప్పుకుందన్నమాట. రాతినార వ్యర్థాలను దేశంలోకి దిగుమతి చేసుకోవడమూ నిషిద్ధమే. క్లెమెన్సో అనే పాత యుద్ధనౌకను విడగొట్టడానికి ఫ్రాన్సు గుజరాత్‌లోని అలంగ్‌కు పంపినప్పుడు, దానిలో రాతినార ఉందని పెద్ద గొడవ జరిగి 2006లో ఆ ఓడ వెనక్కి వెళ్ళిపోయింది. మనం తవ్వకూడదు, ఇతరుల చెత్త తేకూడదు, కానీ అదే పోగును సంచుల్లో కొని తెచ్చుకోవచ్చు! రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ వంటి దేశాల నుంచి ఏటా మూడు లక్షల టన్నులకు పైగా తెచ్చుకుంటూ ప్రపంచంలోనే అతి పెద్ద దిగుమతిదారుగా ఉన్నాం. బ్రెజిల్ సుప్రీంకోర్టు తన ప్రజల కోసం 2017లో దీన్ని నిషేధించింది. అక్కడి గోయాస్ రాష్ట్రం ఎగుమతి కోసం మాత్రం తవ్వుకోవచ్చని 2019లో చట్టం చేసుకుంది. వాళ్ళ వడ్రంగికి పనికిరానిది మన మేస్త్రీకి పనికొస్తుందా? గనిలో హాని చేసే పోగు గ్రైండరు కింద ఎలా మంచిదవుతుంది? దీనికి ఇప్పటిదాకా ఏ ప్రభుత్వమూ సూటిగా జవాబు చెప్పలేదు.

నిషేధం వద్దనేవారి వాదనల్లో మొదటిది తెల్ల రాతినార నీలి, గోధుమ రకాల కన్నా తక్కువ ప్రమాదమని, జాగ్రత్తగా వాడుకుంటే చాలని. ఇందులో మొదటి సగంలో నిజం ఉంది. తెల్ల పోగు వంకర తిరిగి ఉంటుంది, ఊపిరితిత్తుల్లో మిగతావాటికన్నా త్వరగా కరుగుతుంది. మెసోథీలియోమా విషయంలో నీలి, గోధుమ రకాలే ఎక్కువ ప్రాణాంతకమని పరిశోధనలు చూపాయి. 1940లలో పుట్టి, ముప్పయ్యేళ్ళ వయసులోపే పదేళ్ళకు పైగా వడ్రంగం చేసిన బ్రిటిష్ వడ్రంగుల్లో ప్రతి 17 మందిలో ఒకరికి మెసోథీలియోమా వస్తుందని 2009లో తేలింది. వాళ్ళు కోసిన పలకల్లో ఎక్కువగా ఉన్నది గోధుమ రాతినార. ఆ అంకెను యథాతథంగా మన మేస్త్రీలకు అంటగట్టడం న్యాయం కాదు. కానీ తక్కువ ప్రమాదం అంటే ప్రమాదం లేదని అర్థం కాదు. ఊపిరితిత్తుల క్యాన్సరుకు, ఆస్బెస్టోసిస్‌కు తెల్లదీ కారణమేనని, మెసోథీలియోమాకూ కారణమేనని అంతర్జాతీయ సంస్థలు తేల్చాయి. వాదన రెండో సగం, జాగ్రత్తగా వాడటం, మరీ బలహీనమైనది. తడిపి కోయాలి, చేతి రంపం వాడాలి, తగిన ముసుగు వేసుకోవాలి అని నియమాలు రాయవచ్చు. రోజు కూలీ మీద బతికే మనిషి, ఏ యజమానీ లేని చోట, ఎండలో, కప్పు మీద ఒంటరిగా పనిచేస్తూ వీటిని పాటిస్తాడనుకుంటే అది ఆ పనిని ఎన్నడూ చూడనివారి ఆశ. బ్రిటిష్ వడ్రంగి కథ చెప్పేది ఈ సంగతే. జాగ్రత్త అనేది ఫ్యాక్టరీలో సాధ్యమైనా, వస్తువు వాడకంలో పడ్డాక అసాధ్యమవుతుంది.

రెండో వాదన ఏమిటంటే, మన దేశంలో ఇంత వాడుతున్నా రోగులు కనబడటం లేదు కదా అని. ఇది పైకి బలంగా కనిపించే వాదన, కాబట్టి జాగ్రత్తగా జవాబివ్వాలి. దిగుమతులు బాగా పెరిగింది గత మూడు దశాబ్దాల్లోనే. వ్యాధికి ఇంకా గడువు తీరలేదు. ఇక కనబడాలంటే వెతికేవారు ఉండాలి. ఆయాసంతో వచ్చిన కూలీని డాక్టరు పొగ తాగుతావా అని అడుగుతాడు, టీబీ పరీక్ష రాస్తాడు. ముప్పయ్యేళ్ళ కిందట ఏ దుమ్ములో పనిచేశావని అడిగే అలవాటు మన ఆసుపత్రుల్లో లేదు. మెసోథీలియోమాను తేల్చడానికి పొర ముక్క తీసి ప్రత్యేక పరీక్షలు చేయాలి, అది జిల్లా ఆసుపత్రికి మించిన పని. కాంట్రాక్టు మీద ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ పనిచేసిన మనిషికి పీఎఫ్ చీటీ ఉండదు, ఈఎస్ఐ కార్డూ ఉండదు. 40 ఏళ్ళు దాచమన్న ఆరోగ్య రికార్డు మొదటి రోజు నుంచే లేదు. ఫ్యాక్టరీలో డాక్టరుకు జీతమిచ్చేది యజమాని. జబ్బును ప్రభుత్వానికి తెలియజేయవలసిన బాధ్యతా మొదట ఈ ఇద్దరిదే. అంటే లెక్క రాయని వ్యవస్థను కట్టుకుని, లెక్కలో లేదు కాబట్టి జబ్బే లేదంటున్నాం. రోగులు కనబడకపోవడం చట్టం విజయానికి రుజువు కాదు. చట్టం ఎక్కడ చూడటం మానేసిందో చెప్పే గుర్తు అది.

మూడో వాదన పేదవాడి కప్పు గురించి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. తాటాకు గుడిసె ఎండాకాలం అంటుకుంటే ఊరు ఊరంతా బూడిదైన సంగతులు మన పల్లెలు ఎరిగినవే. పూరి కప్పు తీసి రేకు వేసుకోవడం లక్షల కుటుంబాలకు పైమెట్టు ఎక్కడమే. రేకు కప్పు కింద కాపురమున్నంత మాత్రాన ఇంటివారు భయపడనక్కర్లేదు, సిమెంటులో బిగిసి ఉన్నంతకాలం పోగు లేవదు. ప్రమాదం కోసినప్పుడు, విరిగినప్పుడు, పాతబడి పెళుసెక్కి రాలుతున్నప్పుడు. అయితే చవక అన్నప్పుడు ధరలో ఏది చేర్చారు, ఏది చేర్చలేదు అని అడగాలి. కోసినవాడి మందుల ఖర్చు ఆ ధరలో లేదు, అతను మంచాన పడ్డ ఏళ్ళ కూలి లేదు, రేపు ఆ కప్పును భద్రంగా విప్పి పూడ్చే ఖర్చు లేదు. కొన్నవాడూ పేదే, కోసినవాడూ పేదే. ఒక పేదవాడి కప్పు ఖర్చును మరొక పేదవాడి ఊపిరితో తీర్చమనడం న్యాయం కాదు. మారు దారులు లేవా అంటే ఉన్నాయి. సిమెంటు ముద్దను కాగితంలా పలచగా పరిచి రేకు చేసే పద్ధతిని 1900 ప్రాంతంలో కనిపెట్టింది ఆస్ట్రియాకు చెందిన హాట్షెక్. అదే యంత్రం మీద కొన్ని మార్పులతో రాతినార బదులు కలప గుజ్జు, కృత్రిమ పోగులు కలిపి రేకులు తీయవచ్చు. నిషేధించిన దేశాల్లో పరిశ్రమ చేసింది అదే. కాబట్టి కార్మికుల ఉద్యోగాలు పోతాయన్న బెదిరింపు కూడా పూర్తిగా నిలవదు. పోగు మారుతుంది, మిల్లు ఉంటుంది. ఈ మార్పుకు ప్రభుత్వం ఏళ్ళ గడువు ఇవ్వవచ్చు, పన్ను తగ్గించవచ్చు, పేదల ఇళ్ళకు ధరలో తేడా భరించవచ్చు. గడువు ఇవ్వడం వేరు, గడువే పెట్టకపోవడం వేరు.

నిషేధంతో కథ ముగిసిందనుకోవడం కూడా పొరపాటే. అరవైకి పైగా దేశాలు నిషేధించాక తెలుసుకున్నది, ఇప్పటికే కప్పుల మీద, గోడల్లో, గొట్టాల చుట్టూ ఉన్న పోగు ఇంకో తరం దాకా మనుషులను వెంటాడుతుందని. ఇటలీ 1992లో నిషేధించిన చట్టంలోనే ఎక్కడెక్కడ రాతినార ఉందో ప్రాంతాలవారీగా పట్టీ రాయమంది. బ్రిటన్ 2012 నిబంధనల ప్రకారం నివాసేతర భవనాన్ని చూసుకునేవారు అందులో రాతినార ఎక్కడుందో తెలుసుకుని, మరమ్మతుకు వచ్చిన పనివాడికి ముందే చెప్పాలి. పోలండు 2032 నాటికి దేశాన్నంతా శుభ్రం చేయాలని కార్యక్రమం పెట్టుకుంది. మనకు దగ్గర పోలిక దక్షిణ కొరియా. అక్కడా పల్లె ఇళ్ళను బాగుచేసే ఉద్యమంలో 1970లలో గడ్డి కప్పులు తీసి ఇవే సిమెంటు రేకులు వేశారు. 2009లో పూర్తిగా నిషేధించి, ఇప్పుడు వాటిని విప్పడానికి ఇంటివారికి ప్రభుత్వమే సాయం చేస్తోంది. మన దగ్గర 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు రాతినార ఉత్పత్తిలో వచ్చే చెత్తను పట్టీలో పెట్టాయి. కూల్చిన ఇంటి రేకు ముక్కలు మాత్రం ఇటుక పెళ్ళలతో కలిసి చెరువు గట్టుకో, రోడ్డు గుంటలోకో పోతున్నాయి. కోస్తాలో తుపాను వచ్చిన ప్రతిసారీ విరిగిన రేకులను ఎత్తిపోసేది వట్టి చేతులతో వచ్చే పారిశుద్ధ్య కార్మికులు.

పరిహారం దగ్గర ఇతర దేశాలు వేసిన అడుగులు మరీ విలువైనవి. ఏ యజమాని దగ్గర పీల్చిన పోగు చంపిందో రుజువు చేయమంటే ఏ కార్మికుడూ గెలవలేడు. 2002లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం ఫెయిర్‌చైల్డ్ కేసులో ఆ భారం తీసేసింది. ప్రమాదాన్ని పెంచిన ఏ యజమానైనా బాధ్యుడేనంది. ఫ్రాన్సులో పట్టీలో ఉన్న పని, పట్టీలో ఉన్న జబ్బు, చెప్పిన గడువు సరిపోతే అది పని వల్ల వచ్చిందనే చట్టం అనుకుంటుంది. అక్కడ ప్రత్యేక పరిహార నిధీ ఉంది. జపాన్‌లో 2005లో అమగసాకి పట్టణంలో ఫ్యాక్టరీ చుట్టూ ఉన్న ఇళ్ళవారికీ జబ్బు వచ్చిందని బయటపడ్డాక, మరుసటి ఏడాది చేసిన చట్టం ఉద్యోగులు కానివారికీ సాయం అందించింది. 2021 మే 17న జపాన్ సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసింది. నిర్మాణ పనుల్లో ముసుగులు తప్పనిసరి చేయడంలో ప్రభుత్వం విఫలమైందని, ఎవరి దగ్గరా జీతానికి లేని స్వతంత్ర మేస్త్రీలకు కూడా ప్రభుత్వం జవాబుదారీ అని తీర్పు చెప్పింది. చట్టం కాపాడవలసింది పని స్థలంలో ఉన్న మనిషిని, జీతం చీటీని కాదు అన్న సూత్రం అందులో ఉంది. సొంతంగా పని ఒప్పుకుని నలుగురు కూలీలతో తిరిగే మన రేకుల మేస్త్రీకి కావలసింది సరిగ్గా ఆ సూత్రమే. చట్టం రాసే మాటల్లోనూ జాగ్రత్త ఉండాలని అమెరికా అనుభవం చెబుతుంది. 1989లో అక్కడి పర్యావరణ సంస్థ విధించిన నిషేధాన్ని 1991లో కోర్టు చాలావరకు కొట్టేసింది. పరిశ్రమకు అతి తక్కువ భారమయ్యే మార్గాన్నే ఎంచుకోవాలన్న షరతు నాటి చట్టంలో ఉండటమే కారణం. 2016లో ఆ చట్టాన్ని సవరించాకే 2024లో తెల్ల రాతినార మీద మళ్ళీ నిషేధం సాధ్యమైంది. చట్టంలోని ఒక్క షరతు వల్ల నిషేధం ముప్పై మూడేళ్ళు ఆలస్యమైంది.

వీటన్నిటినీ కలిపి చూస్తే మన జాతీయ చట్టానికి ఉండవలసిన రూపం స్పష్టంగానే ఉంది. దిగుమతి, తయారీ ఆగే తేదీ అందులో రాసి ఉండాలి, ఆ తేదీ దాకా హద్దు 0.1 కన్నా ఎక్కువ ఉండకూడదు. కోత, బిగింపు, విప్పుడు, కూల్చివేత పనులు మనుషుల సంఖ్యతో నిమిత్తం లేకుండా ప్రమాదకర పనులు కావాలి. ఆరోగ్య రికార్డు యజమాని బీరువాలోంచి బయటికి వచ్చి, కార్మికుడి పేరు మీద ప్రభుత్వం దగ్గర ఉండాలి. అడ్డా కూలీ కూడా అందులో నమోదు కావాలి. జబ్బు తేలితే పని వల్లే వచ్చిందని చట్టం అనుకోవాలి, పరిహారం పరిశ్రమ కట్టిన నిధి నుంచి రావాలి. దిగుమతి కేంద్రం చేతిలోనిది. కానీ ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో, కార్మిక సంక్షేమం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. బ్రెజిల్‌లోనూ దేశమంతా నిషేధం రాకముందు సావో పాలో వంటి రాష్ట్రాలే ముందు నడిచాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ బడులకు, గోదాములకు, పేదల ఇళ్ళకు ఈ రేకు కొనబోమని నిర్ణయించుకోవడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. కూల్చివేత అనుమతిలో రాతినార ఉందో లేదో రాయమని మునిసిపాలిటీలు ఒక గడి చేర్చడానికీ అక్కర్లేదు.

1995 తీర్పులోని 40 ఏళ్ళ మాట దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఇవాళ మొదటిసారి రేకు కోసి పీల్చిన పోగు, అతనికి అరవయ్యేళ్ళ వయసులో బయటపడవచ్చు. అప్పటికి గ్రైండరు తుప్పు పడుతుంది, కప్పు కూలిపోతుంది, పనికి పిలిచినవాడు ఎవరో గుర్తుండదు. అన్నీ మరచిపోయే ఆ వ్యవధిలో ఈ కుర్రాడి పేరునూ అతను చేసిన పనినీ గుర్తుంచుకోగలిగేది ఒక్క చట్టమే. ఇవాళ అతని పేరు రాసుకోకపోతే ఆ రోజు రాసుకుందామన్నా వీలుకాదు. కాబట్టి అడ్డా మీద పని కోసం నిలబడిన అతని పేరు ఇవాళే చట్టం పుస్తకంలోకి ఎక్కాలి. అతని చేతికి మరో రకం రేకు ఇవ్వాలి.